ఎత్తకూడని ఫోను

మా అబ్బా గౌస్‌కు చదవడం రాదు. కానీ మానుకోట చుట్టుపక్కల ఏ దారి ఎప్పుడు మూసి ఉంటుందో ఆయనకు తెలిసినంతగా పోలీసులకు కూడా తెలియదు. సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు డిపోలు దాటడం లేదు. అబ్బా పాత ఇండికా కారు మాత్రం రోజూ కిరాయికి వెళ్లి వచ్చేది.

దానికి కారణం మిస్డ్ కాల్. నెల్లికుదురులో దేవ్యా, తొర్రూరులో చాయ్ హోటలు ఐలమ్మ, ఇలా దారి పొడుగునా అబ్బాకు మనుషులుండేవారు. ఒక మిస్డ్ కాల్ వస్తే దారి సాఫ్. వెంటవెంటనే రెండు వస్తే రాస్తారోకో, పక్కదారి పట్టాలి. ఫోను ఎవరూ ఎత్తరు, ఎవరి బ్యాలెన్సూ పోదు. తమాషా ఏమిటంటే, నెల్లికుదురులో రోడ్డుకు అడ్డంగా అందరికంటే ముందు కూర్చునేది దేవ్యానే. తెలంగాణ రాష్ట్రం కోసం కూర్చునేవాడు, స్నేహం కోసం ఫోను చేసేవాడు. ఆ రెండింటికీ పొత్తు కుదరదని దేవ్యాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఆ సెప్టెంబరులో విత్తనాల కంపెనీ మేనేజరు ఒకరు నెలకిరాయికి కారు వెతుకుతున్నారని తెలిసింది. ఆంధ్ర నుంచి వచ్చినాయన. పాత డ్రైవరు చెవి దగ్గర ఫోను పెట్టుకుని కారును కాలువలో దించాడట. అందుకని కారులో బ్లూటూత్ ఉండాలన్నారు. నెలకిరాయి కుదిరితే రోజూ స్టేషను ముందు నిలబడి "ఏడికి పోవాలె సార్" అని అడిగే పని ఉండదు. అబ్బాకు కావాల్సింది అంతే.

హన్మకొండ వెళ్లి ఒక బ్లూటూత్ పెట్టె బిగించుకొచ్చాడు. దాంతో ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నేనే మా ఇంట్లో పెద్ద చదువరిని. ఫోనునూ పెట్టెనూ కలపబోతే మూడుసార్లు కుదరలేదు. ఫోను కారును వెతుకుతోంది, కారు ఫోనును వెతుకుతోంది, రెండూ జానెడు దూరంలో ఉన్నాయి. చివరికి నాలుగు సున్నాలు నొక్కితే కలిశాయి. మినుకుమంటున్న నీలి దీపం నిలకడగా వెలిగింది.

"ఫోనొస్తె ఎత్తుడెట్ల బేటీ?"

"ఎత్తేదేం లేదబ్బా. అదే ఎత్తుకుంటది."

"అదే ఎత్తుకుంటదా! ఇగ నౌకరును పెట్టుకున్నట్టే."

మా అమ్మ మెహరున్నీసా గడపలోంచే అంది: "మరి ఆ నౌకరును జర బోరింగు నీళ్లు గూడ తెమ్మను."

మొదటి ప్రయాణం జనగామకు. పది గంటలకు మీటింగు. టైముకు చేరిస్తే కిరాయి ఖాయమన్నారు మేనేజరు. పెట్టె మొండికేస్తే చూడడానికి అబ్బా నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు.

నెల్లికుదురు ఇంకా ఐదు కిలోమీటర్లుందనగా ఫోను మోగింది. ఒక్క మోతకే పెట్టె ఎత్తేసింది. దేవ్యా గొంతు కారంతా నిండింది.

"అరే గౌసన్నా! ఎందుకెత్తినవ్?"

"నేనెత్తలే దేవ్యా..."

"మరి మీ తాతెత్తిండా? నా బ్యాలెన్స్ పోతాంది, పెట్టెయ్!"

నిమిషంలోపే మళ్లీ మోగింది. పెట్టె మళ్లీ ఎత్తేసింది.

"మల్లెత్తినవ్! సోయున్నదా అన్నా నీకు? మిస్డ్ కాల్ గూడ ఇయ్యనియ్యవా?"

ఆ తిట్టు పట్టినంత సేపట్లో "రోడ్డు బంద్" అని నాలుగుసార్లు చెప్పొచ్చు. దేవ్యాకు ఆ ఆలోచన రాలేదు. తిరిగి ఫోను చేసి అడగడానికి అబ్బాకు ధైర్యం చాలలేదు. రోడ్డు మూసేవాళ్లతో దోస్తీ ఉందని మేనేజరుకు తెలిస్తే కిరాయి పోతుందని భయం.

"ఏంటయ్యా గౌసూ, నీ స్నేహితులు ఫోన్ చేసి మరీ తిడతారా?" అన్నారు వెనక నుంచి మేనేజరు.

తండా వైపు తిరిగే మట్టి బాట వచ్చింది. అబ్బా కారు నెమ్మది చేసి నా వైపు చూశాడు. రెండో ఫోను దారి సంగతో, ఉత్త తిట్టో ఆయనకు తేలలేదు. ఎత్తినా ఎత్తకపోయినా రెండు రెండేనని నాకు తెలుసు. కానీ కొత్త మనిషి ముందు నోరు పెగల్లేదు. కారు నేరుగా పోయింది.

నెల్లికుదురు సెంటర్లో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టారు. వంటావార్పు. ఉల్లిగడ్డలు కోస్తూ కళ్లనిండా నీళ్లతో ఉన్న దేవ్యా, కత్తి పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

"రెండుమాట్ల చేస్తి గదన్నా! గట్ల మట్టి బాటన పోవద్దా?"

అబ్బా ముఖం వాడిపోయింది. ఇక దాచేదేముంది, మేనేజరుకు అంతా చెప్పేశాడు. ఆయన వాచీ చూసుకున్నారు. పది అక్కడే దాటింది. పప్పు, అన్నం ఉడికాక దేవ్యా ఆయనకూ ఒక ఇస్తరాకు పెట్టాడు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదేమో, రెండుసార్లు పెట్టించుకున్నారు. ఒంటిగంట దాటాక సమ్మెవాళ్లు కారును వదిలారు.

మీటింగు ఎలాగూ తప్పింది. తిరిగి మానుకోటకు వచ్చేటప్పుడు మేనేజరు అడిగారు. "గౌసూ, ఈ పెట్టె లేకపోతే ఏమయ్యేది?"

నేను వెనక్కి తిరగకుండానే అన్నాను. "పదికి ముందే జనగామల ఉంటుంటిమి సార్."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదమ్మా?"



అయినా ఒకటో తారీఖు నుంచి నెలకిరాయి కుదిరింది. ఎత్తని ఫోనుకు పెట్టె ఎందుకంటూ, ఫోనులోంచి కారు పేరు తీసేయమన్నది మేనేజరే. నేనే తీసేశాను. పెట్టె మీద నీలి దీపం మళ్లీ మినుకుమంటూ, పక్కనే ఉన్న ఫోనును వెతకడం మొదలుపెట్టింది.

తర్వాతి బంద్ రోజు కారులో ఫోను మోగి ఆగిందట. మళ్లీ మోగి ఆగిందట. అబ్బా చక్రం తిప్పేలోపే, పేపరు మీంచి తల ఎత్తకుండా మేనేజరు అన్నారట:

"మట్టి బాట, గౌసూ."