అత్త ‘ఉంటాను’ అంది

మా చర్చి స్త్రీల సమాజానికి పెద్దత్త అధ్యక్షురాలిగా ఉన్నన్నాళ్లూ సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు కూరలో ఉప్పు వేసే హక్కు ఇంకెవ్వరికీ లేదు. ఆవిడ నాకు వరసకే అత్త, పెత్తనంలో మాత్రం సొంత అత్తను మించింది. ఉప్పు ఎంత వేయాలని అడిగితే "సేతికి తెలుస్తాదే" అనేది, అక్కడితో సరి. క్రిస్మస్‌కి మేమంతా కట్టే చీర రంగూ ఆవిడ ఇష్టమే. ఏటేటా తెలుపే. పలాస ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టి నల్లబడ్డ చేతులతో తెల్లచీర కట్టడం ఎంత ప్రాణసంకటమో నాలాంటిదాన్ని అడగాలి. కిందటేడు ఒళ్లు మండి సమాజం కూటంలో లేచి, "ఈసారి ఆకుపచ్చ!" అన్నాను. చేతులు లేచాయి. చీర రంగుతో మొదలైన గొడవ కుర్చీ దాకా వెళ్లి ఆగింది. నేను అధ్యక్షురాలినయ్యాను.

పెద్దత్త వారం తిరక్కుండా బారువలో కూతురింటికి మూట కట్టింది. ఆటో ఎక్కుతూ "వత్తానర్రా" అంది. వెళ్లేటప్పుడు ఎవరైనా వస్తాననే అంటారు, వెళ్తాననరు. ఆ సంగతి తెలిసి కూడా నాకది బెదిరింపులాగే వినబడింది.

ఆ రోజుల్లో మా ఆయన ఆటో తోలి వచ్చాక ఫోనులో వార్తల చర్చలు చూసేవాడు. ఎక్కడిదో ఒక దేశం. గద్దె దిగిన నాయకుడు పరాయి గడ్డ మీద తలదాచుకుని మళ్లీ వస్తానంటున్నాడట. వస్తాడా రాడా అని కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు నలుగురు కొట్టుకు చస్తున్నారు. వాళ్ల లెక్కలన్నీ మా ఆయన తెచ్చి పెద్దత్తకు తగిలించాడు.

"సైన్యం ఎవుల పక్కనున్నాదో సూడాలే," అన్నాడు. సైన్యమంటే విందుకు వంట చేసే ఆడవాళ్లు. "ఇప్పటికి నీ పక్కే. కూరలో ఉప్పు తేడా వత్తే మాత్రం ఆలే అత్తను ఊరేగించి తెత్తారు."

ఎండుచేపల కిరాయికి బారువ వెళ్లినప్పుడల్లా కబుర్లు మోసుకొచ్చేవాడు. "అత్త వారానికి రెండుసార్లు సోంపేట ఎల్తందట. పొద్దున్న పోయి మజ్జాన్నం దాటినాక వత్తందట. ఎందుకంటే ఎవులూ సెప్పరు. రాసకార్యమేనే!"

"సోంపేటలో ఆవిడకి ఎవులున్నారు?"

"అదే మరి! బలం కూడగడతంది."

సోంపేట ఆడవాళ్లందరినీ లారీ ఎక్కించుకుని పెద్దత్త మా చర్చి మీదికి దండెత్తి వస్తున్నట్టే ఊహించుకున్నాను.

ఇంతలో కోతకాల పండగ దగ్గరపడింది. సంఘమంతటికీ ప్రేమవిందు. అంతకుముందు జరిగిన చిన్న విందులో నా చేతి ఉప్పుకి పాస్టరు గారు రెండో ముద్దకే చెంబెడు నీళ్లు తాగారు. ఈసారీ అలాగే అయితే నా కుర్చీ గల్లంతు. పెద్దత్తను పిలిస్తే అప్పుడూ గల్లంతే. రెండు రోజులు కొట్టుమిట్టాడి, చివరికి సిగ్గు విడిచి ఫోను చేశాను.

"అత్తా, పండక్కి వత్తావా, అక్కడే ఉంటావా?"

"ఉంటాను మరి" అంది. ఫోను కట్టయింది.

అదీ తంటా. ఫోను పెట్టేసేటప్పుడు అందరం "ఉంటాను" అనే కదా అంటాం! ఆవిడ బారువలోనే ఉంటానందా, ఊరికే ఫోను పెట్టేసిందా? "రాదు, రాసుకో," అన్నాడు మా ఆయన. కాసేపటికి, "కాదే, తేల్చకుండా నానబెట్టడమే పెద్ద నాయకుల ఎత్తు," అన్నాడు. నాకు ఆయన్ని ఆటోతో సహా చెరువులో తోసేయాలనిపించింది.

పండగనాడు గుండిగలో కోడికూర ఉడుకుతుండగా చర్చి ముందు ఆటో ఆగింది. పెద్దత్త దిగింది. పొడుగు చేతుల జాకెట్టు, ఆకుపచ్చ చీర! వంటకాడ గరిటెలు ఆగిపోయాయి.

"ఏటే, అలా సూత్తన్నారు? ఉంటానని సెప్పినాను కదా!" అంది.

పండక్కి ఉంటానని! ఆ అర్థం మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. సైన్యమంతా నన్నొదిలి ఆవిడ చుట్టూ మూగింది. నేనే ఉప్పు డబ్బా చేతికిచ్చాను. ఒక గుప్పెడు వేసింది. ఆగింది. రుచి చూడమని నేను గరిటెతో కాస్త పులుసు అరచేతిలో వేయబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నువ్వు సూడు," అంది.

ఆవిడ ఏలుబడిలో ఎన్నడూ వినని మాట అది. చెయ్యి లాక్కున్నప్పుడు జాకెట్టు చెయ్యి పైకి జరిగింది. మోచేతి కింద అంటించిన దూది, ఉబ్బిన నరం. ఇంటింటా కిడ్నీ జబ్బులుండే ఉద్దానంలో పుట్టినదానికి ఆ నరమేమిటో ఒకరు చెప్పక్కర్లేదు. మా నాన్నకీ ఉండేది. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లే మనిషిని పట్టుకుని రాచకార్యమని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎవులికీ సెప్పకు," అంది మెల్లగా. "ఉప్పు నోట్లో పెట్టద్దన్నాడు డాట్రు. తెలిస్తే నన్ను గరిటె ముట్టనివ్వరే."

పులుసు నోట్లో వేసుకున్నాను. చప్పగా ఉంది. ఆవిడ కొంగు చాటున ఇంకో గుప్పెడు నేనే వేసి, కలిపి, మళ్లీ రుచి చూసి, చర్చి దాకా వినబడేలా "అత్త సెయ్యి అత్త సెయ్యే!" అని అరిచాను.

తర్వాతి కూటంలో చేతులన్నీ మళ్లీ పెద్దత్తకే లేచాయి. అన్నిటికన్నా ముందు లేచింది నాదే. "నాను ముందే సెప్పినానా, లేదా!" అని మా ఆయన వీధంతా విర్రవీగాడు. ఏం చెప్పాడో ఆయనకే తెలియాలి. పెద్దత్తకు కుర్చీ, నాకు కొంగు చాటు ఉప్పు. ఈ క్రిస్మస్‌కి చీరలు మళ్లీ తెలుపే, ఖర్మ.

బారువలో కూతురింటి నుంచే కుర్చీ ఏలుతూ, సోంపేట వెళ్లొచ్చిన సాయంత్రాలు నాకు ఫోను చేస్తుంది. కూటానికి ఎవరు ఎగ్గొట్టారో ఆరా తీసి, నన్ను నాలుగు తిట్టి, "ఉంటానే" అంటుంది. ఒకప్పుడైతే "సరే అత్తా" అని పెట్టేసేదాన్ని. ఇప్పుడు "ఉండాలి" అంటాను.

"ఉంటాన్లేవే!" అని కసురుతుంది. అది వినేదాకా ఫోను పెట్టను.