చాటెడు తవుడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నేనుండేదాన్ని గానీ, పేరుకు ఆ ఇంటి బిడ్డను కాను. అమ్మకు నాకంటే ముందు పుట్టినవాళ్లు ఒక్కరూ దక్కలేదు. అందుకని నేను పుట్టగానే నన్ను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటి పెద్దవ్వకు చాటెడు తవుడుకు అమ్మేశారు. మా దిక్కు అదొక ఆచారం. పరాయి బిడ్డ మీద చావు కన్ను పడదని నమ్మకం. అన్నం పెట్టేది, తల దువ్వేది, అల్లరి చేస్తే వీపు మీద ఒకటి వేసేది అంతా అమ్మే. బయటివాళ్ల ముందు మాత్రం 'నా బిడ్డ' అనే మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. నా పేరులో కూడా ఆ పెంట అలాగే ఉండిపోయింది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

మాది బచ్చన్నపేట వైపు చిన్న పల్లె. వాగు అవతలి పెద్దూరికి శివారు, సొంత పంచాయతీ లేదు. ఓటు వేయాలన్నా, కంట్రోల్ చక్కెర తెచ్చుకోవాలన్నా వాగు దాటాలి. గట్టి వాన పడితే మాకు బడి కూడా లేనట్టే. సొంత పంచాయతీ కావాలని మా పెద్దమనుషులు జనగామ వెళ్లి అడిగినప్పుడల్లా, మనుషులు తక్కువని చెప్పి పంపేవారట.

తెలంగాణ గొడవకు మూతపడ్డ బడులు మళ్లీ తెరుచుకున్నాక, ఎండలు మొదలైన రోజుల్లో జనాభా లెక్కలకు ఒక సారు వచ్చాడు. ఇంటింటికీ తలుపు మీద నంబరు వేసుకుంటూ మా గడపకు వచ్చాడు. పిల్లలెందరని అడిగితే అమ్మ తల వంచుకుని, "పిల్లలు లేరు సారూ" అన్నది.

నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను.

"మరి గీ పిల్ల?"

"పక్కింటోళ్ల పిల్ల."

ఆచారం నాకు తెలియనిది కాదు. అయినా ఆ మాటకు పట్టుకున్న అమ్మ కొంగు వదిలేశాను. సారు పక్కింటికి వెళ్లేసరికి పెద్దవ్వ మిరపచేనుకు పోయి ఉంది. ఆమె కోడలు తన పిల్లలను చెప్పుకుంది. నా ఊసెందుకు ఎత్తుతుంది?

సాయంత్రం సారు లెక్క కూడుతుంటే పెద్దమనుషులంతా ఆశగా చుట్టూ కూర్చున్నారు. ఈసారైనా పంచాయతీ వస్తుందా అని ఒకటే గుసగుస. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వాళ్ల మధ్యకు దూరి, "నన్ను ఏ ఇంట్ల రాసిండ్రు సారూ?" అని అడిగేశాను. ఆయన కాగితాలు తిరగేసి నా ముఖం చూశాడు. నేను ఎక్కడా లేను. పెద్దమనుషుల్లో ఒకాయన నెత్తి కొట్టుకుని, "మనుషులు తక్కువని మనమే ఏడుస్తం, ఉన్న పిల్లను మనమే ఇడిసిపెట్టినం" అన్నాడు.

అమ్మను పిలిపించారు. ఎందరు అడిగినా మళ్లీ 'పక్కింటోళ్ల పిల్ల' అనే అన్నది. అంతలో చేను నుంచి వస్తున్న పెద్దవ్వ మిరపకాయల మూట దించి సంగతి విన్నది. ఎవరినీ ఏమీ అనలేదు. అమ్మ దగ్గరకు వెళ్లి, "చాటెడు తవుడు తేపో బిడ్డా. నా తవుడు నాకియ్యి, నీ పిల్లను నువ్వు తీస్కో" అన్నది.

"దిష్టి తాకుతదేమో పెద్దవ్వా" అని అమ్మ ఏడ్చింది.

"తాకితె కొన్నదాన్ని నన్ను తాకనీ. గిన్నేండ్లు బతికిన, ఇగ నాకేంది?"

అమ్మ ఇంటికి వెళ్లి చాట తెచ్చింది. అందులో తవుడు లేదు, పండుగకని దాచిన బియ్యం ఉన్నాయి. మేం జొన్న గటక తాగి బతికే రోజులవి. పెద్దవ్వ వద్దనలేదు, కొంగు పట్టింది. బియ్యం పోసి, అమ్మ నా రెక్క పట్టుకుని సారు ముందు నిలబెట్టి, "నా బిడ్డ. రాసుకోండ్రి" అన్నది. అందరికీ వినబడింది. నా ఒళ్లంతా సంతోషం.

పంచాయతీ ఆ ఏడు రాలేదు, చాలా ఏళ్లకు వచ్చింది. తర్వాత తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. వరంగల్ జిల్లావాళ్లం జనగామ జిల్లావాళ్లమయ్యాం. పెద్దవ్వ ఇవేవీ చూడలేదు. భయపడే మనిషిని ఎగతాళి చేయకుండా ఆ భయం దాటించాలని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నా కోడళ్ల విషయంలో అన్నిసార్లూ పాటించానని చెప్పను.

ఇప్పటికీ ఏ ఆఫీసుకు పోయినా తల్లి పేరు అడుగుతారు. అమ్మ పేరు చెప్పి ఒక్క క్షణం ఆగుతాను. రెండో తల్లి పేరు రాసుకునే చోటు వాళ్ల కాగితంలో ఉండదు.