ఉప్పు వేసే చెయ్యి

మా అత్తగారి చెయ్యి మీద మా వీధికి గట్టి నమ్మకం. పండుమిరపకాయల రోజుల్లో ఏ ఇంట్లో పచ్చడి పెట్టినా, కాయ ఎవరు దంచినా, ఉప్పు మాత్రం ఆవిడే వచ్చి వెయ్యాలి. ఆవిడ చెయ్యి పడితే జాడీ ఏడాదంతా నిలుస్తుందని పేరు. ఎవరో ఒకరు పొద్దున్నే గుమ్మంలోకొచ్చి, "పిన్నీ, ఒకసారి రావా" అని పిలిచేవారు. ఆవిడ వెంటనే లేచేది కాదు. ఇంట్లో పనంతా అట్లాగే ఉందని కాస్త బెట్టు చేసి, అప్పుడు కొంగు సర్దుకుని బయలుదేరేది. నాకు నవ్వొచ్చేది. పొలంలోనూ బేరంలోనూ మామగారి మాటే గానీ ఆవిడ మాట ఎప్పుడూ చెల్లలేదు. ఆవిడకంటూ ఉన్నది ఈ ఒక్క గొప్పే.

నేను పెదకాకానిలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మామగారికి బీపీ ఎక్కువైంది. ఉప్పు తగ్గించమని గుంటూరు డాక్టరు గారు చెప్పారు. పచ్చడి లేకపోతే కంచం ముందు కూర్చోనని మామగారు మొండికేశారు. పచ్చడి ఎలాగూ మానరు, అందులో ఉప్పే తగ్గిద్దామని నాకు తోచింది. మహా తెలివి! ఆ ఏడు మా జాడీకి ఉప్పు దంచి, కొలిచి, పళ్ళెంలో పోసి అత్తగారి ముందు పెట్టింది నేనే. మూడో వంతు తీసేసి పెట్టాను. చెబితే ఒప్పుకోదని చెప్పలేదు. కోడలు కొలిచిందన్న ధీమాతో ఆవిడ ఉన్నదంతా వేసి కలిపేసింది. పాత జాడీ అయిపోయేదాకా కొత్తదాని మూత తియ్యని ఇల్లు మాది. అందుకని ఎవరూ రుచి చూడలేదు.

శ్రావణంలో మూత తీస్తే పైన తెల్లగా, దళసరిగా బూజు. గరిటె పెట్టి కదిపితే బుడగలు, కుళ్ళు వాసన. తగినంత ఉప్పుంటే సూక్ష్మజీవుల్లోని నీటిని బయటికి లాగేస్తుందనీ, పులుపునిచ్చే మంచివి దానికి తట్టుకుంటాయి గానీ పాడుచేసేవి తట్టుకోలేవనీ ఏటా పిల్లలకి బోర్డు మీద రాసేదాన్ని. ఆ 'తగినంత' అన్న మాట మార్కుల కోసమే అనుకున్నానేమో.

అత్తగారు అరవలేదు. కుడిచేతి వేళ్ళు విప్పి చూసుకుంది.

"నా చేతిలో ఏదో పోయిందే అమ్మాయ్."

ఆ మాటకి నా ప్రాణం ఉసూరుమంది. అక్కడికక్కడే చెప్పేశాను.

"మీ చెయ్యి కాదత్తయ్యా. మామయ్యగారి బీపీ కోసం ఉప్పు నేనే తగ్గించాను. మూడో వంతు తీసేశాను."

ఆవిడ నా గడ్డం పట్టుకుంది.

"నాకు మాట రాకుండా నువ్వు నెత్తినేసుకుంటున్నావా? ఉప్పు తగ్గితే నా చేతికి తెలీదటే?"

ఎన్ని ఒట్లు పెట్టినా నమ్మలేదు. నమ్మితే ఆవిడకి ఇంకా కష్టం; ఉప్పు తగ్గిందని ఆ చేతికి తెలియనే లేదని ఒప్పుకోవాలి. అది తట్టాక నేను నోరు మూసుకున్నాను. పచ్చడంతా పెంటకుప్ప మీద పారబోశాం. అత్త తప్పుని తన మీద వేసుకున్న కోడలని ఆవిడ వీధంతా నా గొప్ప చెప్పుకుంది. ఆ మెప్పు వింటూ తలెత్తుకోలేకపోయేదాన్ని.

మరుసటి ఏడు పక్కింటావిడ పిలవడానికి వచ్చింది. అత్తగారు కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

"నా చెయ్యొద్దులే. మా కోడల్ని తీసుకుపో."

నేను రానన్నాను. "వాళ్ళ కాయ పాడైపోతుంది, వెళ్ళమ్మా" అని నన్ను తోసినంత పని చేసింది. వెళ్ళి, కొలత ప్రకారం వేసి, పైన ఇంకో పిడికెడు వేశాను. ఇది పాడైనా బాగుండునని ఒక్క క్షణం అనిపించింది కూడా. పాడవలేదు. ఆ ఏడు నేను ఉప్పు వేసిన ఏ జాడీకీ బూజు పట్టలేదు. ఒక్కో ఇంట్లో మూత తీసి బాగుందని చెప్పినప్పుడల్లా, తన చెయ్యి పోయిన మాట నిజమేనని అత్తగారు తల ఊపి, నన్ను మెచ్చుకునేది.