నాయిన కల్లు, నా రాగి రేకు

శామీర్‌పేట దారిలో ఉన్న మా ప్రయోగశాలలో నా పని వినడానికి గొప్పగానే ఉంటుంది. ఉప్పునీళ్లలో రాగి రేకు ముంచి, కరెంటు పెట్టి, కార్బన్ డయాక్సైడ్ బుడగలు వదలాలి. రేకుకు మంచి బుద్ధి పుడితే, పొగగొట్టాలు ఊరికే వదిలేసే ఆ గాలే ఎథిలీన్ అవుతుంది. దాన్నుంచి బండ్లకు ఇంధనం చేసుకోవచ్చు. నా రేకుకు మాత్రం నెలల తరబడి ఆ బుద్ధి పుట్టలేదు. సోమవారం మా పని ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి కమిటీ వస్తోంది. ఏదో ఒకటి చూపించకపోతే నా ఉద్యోగం ఊడినట్టే.

సరిగ్గా అప్పుడే కార్బన్ డయాక్సైడ్ గ్యాసు అయిపోయింది. మేడ్చల్ నుంచి రావాల్సిన సిలిండర్ బండి జాడ లేదు. తల పట్టుకుని కూర్చున్నాను. మా సారు పెద్ద చదువు చదివినవాడు, కోస్తా మనిషి, కల్లు వాసన కూడా ఎరగడు. ఉపాయం ఆయనకే తట్టింది.

"మీ నాన్నగారు కల్లు గీస్తారు కదమ్మా? కల్లు పొంగేది కార్బన్ డయాక్సైడ్‌తోనే. పట్టుకురా!"

ఆ ముక్క నాకు తట్టనందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

దేవరయాంజాల్‌లో చెట్టు దిగిన నాయిన, నడుముకున్న మోకు విప్పుతూ పకపకా నవ్వాడు. "మంది కల్లు అడుగుతరు, నువ్వేందే కల్లు గాలి అడుగుతున్నవ్? గా మిషిన్‌కు నంజుకోనీకి ఏమన్న పంపాల్నా?"

"మజాక్ జెయ్యకు నాయినా. నౌకరీ పోయేటట్టున్నది."

నవ్వు ఆగిపోయింది. పొంగుతున్న కల్లు డబ్బాలో పోసి, ఒళ్లో పెట్టుకుని, నా స్కూటర్ వెనక ఎక్కాడు. గేటు దగ్గర వాచ్‌మన్ మూతకు ముక్కు ఆనించి, "లోపల దావతా?" అన్నాడు.

"మనకు గాదు, మిషిన్‌కు" అన్నాడు నాయిన గంభీరంగా.

డబ్బా మూతకు గొట్టం బిగించాం. బుడగలు రేకు మీదికి ఎగబడ్డాయి. వచ్చిన వాయువులో ఏమేం ఉన్నాయో కాగితం మీద గీత గీసి చూపే యంత్రం మాకొకటి ఉంది. ఆల్కహాల్ దగ్గరికి రాగానే ఆ గీత తాటిచెట్టులా లేచింది. సారు గంతేశాడు.

"రాగి ఆల్కహాల్ కూడా చేస్తుందమ్మా! ఇంత ఎవరూ చేసి ఉండరు!"

మైసూర్‌పాక్ తెప్పించి, నాయిన నోట్లో స్వయంగా పెట్టాడు. నేనూ ఒకటి కొరికాను. అప్పుడు గుప్పుమంది వాసన, డబ్బా దగ్గర కాదు, యంత్రం వెనక గొట్టంలోంచి. ఓరి దేవుడా, బుడగలు కల్లు ఆవిరిని వెంటేసుకొచ్చాయి! నోరు మూసుకుంటే సోమవారం గడిచిపోతుంది కదా అనిపించింది, నిజం చెప్పొద్దూ. కానీ కొరికిన ముక్కను పక్కన పెట్టేశాను.

"సార్, కరెంటు ఆపి చూద్దాం."

"ఇప్పుడెందుకమ్మా, శుభమా అని..."

ఆపేశాను. కొంతసేపాగి మళ్లీ గీయించాం. తాటిచెట్టు నిటారుగా అక్కడే ఉంది. రాగికి దాంతో ఏ సంబంధమూ లేదు. సారు సగం తిన్న ముక్కను తిరిగి మిఠాయి డబ్బాలో పెట్టేశాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చున్నాను. మొదటిదాంట్లో ఎథిలీన్ దగ్గర ఒక చిన్న మొలక ఉంది. రెండోదాంట్లో అదే చోట చదును. కరెంటు ఉంటే వచ్చింది, ఆపితే పోయింది. అంటే అది రేకు పనే! తాటిచెట్టు సంబరంలో దాన్ని మేమెవరమూ చూడనేలేదు.

సోమవారం ఆ రెండు కాగితాలే కమిటీ ముందు పెట్టాను.

"ఈ పొడుగుది ఏంటి?" అంది అందులో పెద్దావిడ.

"అది మా నాయిన కల్లండీ. పక్కన మొలక ఉంది చూడండి, అది నాది."

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని కాగితం మీదికి వంగింది.

"చిన్నదే. కానీ నిజమైనది. ఇంకో ఏడాది చెయ్యి."

గేటు బయట నాయిన పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నాడు. "నౌకరీ ఉన్నట్టేనా బిడ్డా?"

"ఉన్నట్టే నాయినా."

తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, కళ్ల దగ్గర కాస్త ఎక్కువసేపు. తర్వాత నా పక్కకు జరిగి, వాచ్‌మన్‌కు వినపడకుండా అడిగాడు.

"మరి మన కల్లు గురించి ఏమన్నరే?"