అడ్డం అల, నిలువు అల

నా చిన్నప్పుడు, ఇంటింటికీ సెట్‌టాప్ బాక్సులు ఇంకా రాని రోజుల్లో, నెల్లిమర్లలో మా వీధికి కేబుల్ కనెక్షన్లు పక్కింటి షావుకారుగారే ఇచ్చేవారు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. అందుకని డాబా మీది పెద్ద డిష్షు సంగతంతా వాళ్ళమ్మాయి, మా పక్కింటి అక్క చూసుకునేది. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదివింది.

ఆ ఏడాదే మా అమ్మ పోయింది. పచ్చకామెర్లన్నారు. ఆకుమందు అన్నారు, ఆసుపత్రి అన్నారు, అంతలోనే అయిపోయింది. అమ్మమ్మ శ్రీకాకుళం నుంచి వచ్చి గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆమెను చూసి వీధంతా ఏడ్చింది. జూట్ మిల్లులో పనిచేసే మా నాన్న మాత్రం ఏడవలేదు. పెద్దకర్మ కాగానే డ్యూటీకి వెళ్ళాడు. ఇంటికి వచ్చాక పెరట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకునేవాడు.

"రాయి లాంటోడు మీ నాన్న. ఒక్క సుక్క కన్నీరు రాల్చనేదు. నువ్వు నాతో వచ్చీ అమ్మా" అంది అమ్మమ్మ. నాకూ అదే నిజమనిపించింది. అమ్మే అక్కరలేని మనిషికి నేనెందుకు? సరేనన్నాను. మర్నాటి బస్సుకి నా బట్టలు సంచిలో సర్దేశారు.

సాయంత్రం అక్కకు చెప్పి వద్దామని డాబా ఎక్కాను. ముందురోజు గాలికి డిష్షు కదిలిందట. చిన్న టీవీ ఒకటి పైకి తెచ్చుకుని సరిచేస్తోంది. ఎందుకు వెళ్ళిపోతున్నానో చెప్పాను. ఆమె నన్ను దగ్గరికి పిలిచింది. డిష్షు ముందు కడ్డీల మీద నిలబెట్టిన గుండ్రటి గొట్టంలోకి చూడమంది. చూశాను. లోపల తీగ లేదు, ఏమీ లేదు. ఉత్త ఖాళీ గొట్టం.

ఆకాశం నుంచి వచ్చే అలలన్నీ ఆ ఖాళీలోంచే పోతాయని చెప్పింది. గొట్టం తగినంత వెడల్పుంటే చాలట. ఇరుకైతే అల లోపలికి సాగదట. ఒకే గొట్టంలో నిలువుగా ఊగే అల ఒకటి, అడ్డంగా ఊగే అల ఇంకొకటి ఒకదానికొకటి తగలకుండా వెళ్తాయట. గొట్టం చివర డబ్బాలో ఉన్న చిన్న పిన్ను ఏ వైపుకి ఉంటే ఆ అలనే పట్టుకుంటుందట.

అంటూనే ఆ డబ్బాని పావు వంతు తిప్పింది. టీవీలో బొమ్మ పోయి చుక్కలొచ్చాయి. ఏమైందని అడిగింది. సిగ్నల్ పోయిందన్నాను.

"పోనేదే. గొట్టంలోనే ఉన్నాది. మన పిన్నే దానికి అడ్డం తిరిగింది. మీ అమ్మమ్మ బాధ నిలువుది, అందరికీ కనిపిస్తన్నాది. మీ నాన్నది ఇంకో వైపుది. నువ్వు కూడా ఓపాలి తిరిగి సూడు" అంది అక్క.

ఇంటికి వచ్చి పెరటి తలుపు తోశాను. నాన్న కిటికీ ఊచకి జనపనార కట్టి, మూడు పాయలు తీసి అల్లుతున్నాడు. మిల్లు పనికి మొద్దుబారిన ఆ వేళ్ళకు పాయలు నిలవడం లేదు. విప్పుతున్నాడు, దువ్వుతున్నాడు, మళ్ళీ అల్లుతున్నాడు. నా స్కూలు రిబ్బను నోట కరిచిపట్టుకున్నాడు. రోజూ పొద్దున్న అమ్మ నాకు జడలు వేస్తుంటే పక్కన కూర్చుని టీ తాగిన మనిషి, అప్పుడు ఏ పాయ మీద ఏ పాయ వేసేదో గుర్తు తెచ్చుకుంటున్నాడు.

నన్ను చూసి రిబ్బను చేతిలోకి తీసుకున్నాడు. "అమ్మమ్మ ఎల్లిపోతాది కదా. రేపట్నించి నీ జడలు నేనే ఎయ్యాల. సేత కావట్నేదమ్మా" అన్నాడు.

నేను కూడా వెళ్ళిపోతున్నానని ఆయనకు అప్పటికింకా ఎవరూ చెప్పలేదు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. వెళ్ళి ఆయన ముందు వీపు తిప్పి కూర్చున్నాను. ఆయన నా తల దువ్వడం మొదలుపెట్టాడు. ఒక జడ ఎత్తుగా, ఒక జడ కిందకి వచ్చాయి. నేను విప్పనివ్వలేదు.

మర్నాడు అమ్మమ్మ ఒక్కతే బస్సెక్కింది. అంత ఏడుస్తున్న మనిషికి నేనెందుకు రానన్నానో చెప్పడం నాకు చేతకాలేదు.

చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ పరామర్శకు ఎవరింటికి వెళ్ళినా, ఏడ్చేవాళ్ళ చుట్టూ ఎలాగూ పదిమంది ఉంటారు. నేను ఏడవని మనిషి ఎక్కడున్నారో వెతుక్కుంటూ వెళ్ళి, వాళ్ళ పక్కన కూర్చుంటాను.