దసరా రంగుల కింద పడవ మోటారు

మా బావగారు మల్లేశం గారు మొన్న గురువారం ఉదయం కర్మన్‌ఘాట్‌లో, తమ మంచం మీదే కన్నుమూశారు. మా ఆయనకు స్వయానా అన్న. ముందు రోజు నేను పట్టిన రెండు చెంచాల జావ తాగిన మనిషి ఇక లేరంటే, గిన్నె నా చేతిలోనే ఉండిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయనను నీళ్ల మోటార్లు బాగుచేసే మనిషిగానే ఎరుగుదురు. అంతకు ముందు కృష్ణలో పడవ నడిపిన ధీరుడని తెలియాలనే ఈ నాలుగు మాటలు.

నల్లగొండ జిల్లాలో మా రేవు మీద వంతెన పడగానే జనం పడవెక్కడం మానేశారు. బావగారు పడవను విడవలేదు. వెనక తగిలించే మోటారుతో సహా లారీలో తెచ్చి కర్మన్‌ఘాట్ ఇంటి వెనక దించారు. అప్పుడు చుట్టూ ఖాళీ జాగా. తర్వాత మూడు వైపులా నాలుగంతస్తులు లేచాయి; నాలుగో వైపు మనిషి పక్కకు తిరిగి నడిచే సందు మిగిలింది. పడవ లోపల చిక్కింది. మూడేళ్ల కింద పక్షవాతం వచ్చి, ఆయన కిటికీకి ఇవతల చిక్కారు.

"అది గోడల నడుమ, నేను మంచం మీద. ఎవలు ముందు బయటపడ్తరో చూడాలె మరదలా" అని నవ్వేవారు.

పోయిన ఎండాకాలం కొడుకు రమేశ్ ఆ జాగాలో రెండు గదులు వేయాలనుకున్నాడు. "నాయినా, ఆదివారం పాత ఇనుమోన్ని పిలుస్తున్న. ఇంకెన్ని రోజులు గా పడవ?" అన్నాడు. బావగారు ఆ పూట అన్నం ముట్టలేదు.

పాత పడవ మోటార్లు సేకరించే పెద్దమనిషి ఒకరు వనస్థలిపురంలో ఉన్నారు, విజయవాడ వైపు వారు. మోటారు ఫొటో నేను పంపితే వెంటనే ఫోన్ చేశారు. "ఏ కంపెనీదో తెలియకపోతే సామాను దొరకదండీ. పడవను పట్టే బిగింపు మీద నంబరు రేకు ఉంటుంది చూడండి. అది తెలిస్తే నేనే తీసుకెళ్తాను."

"రేకు లేదు. ఎన్నడో ఊడిపోయింది" అన్నారు బావగారు.

ఆయనకొక నియమం. ప్రతి దసరాకు మోటారును కిరోసిన్‌తో కడిగి, కొత్త రంగు వేసి, పసుపు కుంకుమ పెట్టాకే పండగ. "తిండి పెట్టిన ఆయుధం మాసి ఉంటదా?" అనేవారు. మంచం పట్టాక ఆ రంగు నా చేత వేయించారు. అందుకే నాకు అనుమానం, రేకు ఆ రంగు పొరల కిందే ఉందేమోనని.

"బావా, రంగు గీకి చూడనా?"

"గీకితే ఏమొస్తది? రంగొస్తది."

అట్లకాడతో గీకాను. ఆకుపచ్చ, కింద నీలం, ఆ కింద ఎరుపు. ఒక్కొక్క దసరా పొరగా లేచింది. అడుగున అక్షరాలున్న ఇత్తడి రేకు మెరిసింది. నాకు ఇంగ్లీషు రాదు. కాగితం పెట్టి బొగ్గుతో రుద్ది కిటికీలోంచి చూపించాను.

ఆయన కళ్లు నిండాయి. "ఏటేటా రంగేసి, తెల్వకుండ నేనే పూడ్చిన గద మరదలా. రేకు లేదని అందరికి చెప్పుకుంట, నేనే పూడ్చిన."

ఆ కాగితం ఫొటో పంపగానే పెద్దమనిషి శనివారమే వచ్చారు. "అరవై ఏళ్లు దాటిన ఇంగ్లండు మోటారండీ! తుక్కులోకి పంపేవారా?" అని ఆటోలో ఎక్కించుకున్నారు. పడవ మాత్రం సందులో తిరగలేదు. వడ్రంగి చేత కోయించాల్సి వచ్చింది. రంపం ఆగేదాకా బావగారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

పది రోజుల కింద మళ్లీ ఆ పెద్దమనిషి ఫోన్. "మోటారు వేరే పడవకు బిగించి చెరువులో ఉన్నామండీ. అన్నీ సరిచేశాం, స్టార్ట్ కావట్లేదు." ఫోన్ బావగారి చెవికి ఆనించాను. తాడు లాగిన చప్పుడు విన్నారు.

"ఆపు సారూ. చోక్ మూసి రెండుసార్లు గుంజు. తెరిచి ఒక్కసారి. కోపంగ కాదు, పండుకున్న పిల్లను లేపినట్టు."

మోటారు అందుకుంది. "నీళ్ల మీదున్నది" అన్నారు, అంతే. వాళ్లు ఒడ్డుకు చేరేదాకా ఫోన్ తీయనివ్వలేదు.

నిన్న ఆ పెద్దమనిషే ఫోన్ చేశారు. "అమ్మా, ఇంకో మోటారు దొరికింది. దీనికి నిజంగానే రేకు లేదు. చప్పుడు విని మీ బావగారు ఏ కంపెనీదో చెబుతారా?"

బావగారు పోయిన సంగతి చెప్పాను.

బావా, ఆ చప్పుడు ఎవరికి వినిపించమని చెప్పను? నీ పాదాలకు నా దండాలు.