పిన్ని పెళ్ళికి ఉబ్బెత్తు అక్షరాలు

మా చిన్నతనంలో ఓ ఎండాకాలం... చోడవరంలో మా తాతయ్య ఇంటి వసారాలో ఇస్త్రీపెట్టె వెల్లకిలా ఉండేది. రెండు ఇటుకల మధ్య, కాలే పలక పైకి పెట్టి. దాని ముందు సత్యవతి పిన్ని... చెమటలు కక్కుతూ.

పిన్ని అమ్మకి చెల్లెలు. బాబాయి పోయాక అత్తవారి ఊరు వడ్డాది నుంచి పుట్టింటికి వచ్చేసింది. మేమూ అప్పుడు ఆ ఇంట్లోనే ఉండేవాళ్ళం. కొన్నేళ్ళకి అనకాపల్లి మాస్టారొకాయనతో మళ్ళీ పెళ్ళి కుదిరింది. తాతయ్య పెళ్ళికి ఒప్పుకున్నాడు గానీ, శుభలేఖల మాట ఎత్తగానే గయ్యిమన్నాడు.

"రెండో పెళ్ళికి కార్డులేటే? గుళ్ళో దండలు మార్చుకుని వచ్చీండి. ఊరందరికీ సెప్పాలేటి?"

"దొంగతనం సేస్తన్నానేటి నాన్నా, గుట్టుగా సేసుకోడానికి? ప్రెస్సులో ఏయించకపోతే మానీ. నానే సేసుకుంటాను."

అన్నంత పనీ చేసింది...

విశాఖలో చేతిపనుల ట్రైనింగులో నేర్చుకున్న విద్య అది. ఇద్దరి పేర్లతో రబ్బరు స్టాంపు చేయించింది. సిరా తొందరగా ఆరిపోకుండా గ్లిజరిన్ కలిపి, అట్ట మీద ముద్ర వేసేది. ఆ తడి మీద వేడికి కరిగే బంగారు రంగు పొడి చల్లి, అట్టని వంచి తట్టేది. అక్షరాలకి అంటుకున్నది నిలిచేది, మిగతాది రాలిపోయేది. అప్పుడు ఆ అట్టని ఇస్త్రీపెట్టె మీద తగిలీ తగలకుండా పట్టుకునేది. చూస్తుండగానే పొడి కరిగి, తళుక్కుమని, పేర్లు ఉబ్బి పైకి లేచేవి...

అదంతా ఒక్కరోజులో రాలేదు లెండి. కొన్ని అట్టలు మాడిపోయాయి. కొన్నిటి మీద పేర్లు అలుక్కుపోయాయి. సరిగ్గా వేడెక్కేసరికి కరెంటు పోయేది. వేళ్ళ మీద బొబ్బలు చూసి అమ్మ, "ఇంక మానీయే... సాల్లే" అని బతిమాలింది.

"నా పేరు సక్కగా లేచేక మానేస్తానక్కా" అని మళ్ళీ కూర్చుంది పిన్ని.

బాగా కుదిరిన మొదటి శుభలేఖకి పసుపు రాసి, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. ఎక్కడికో తెలిశాక తాతయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"వడ్డాదా! ఆ ఇంటికి ఏ మొకం పెట్టుకుని ఎల్తావే? తలుపు ఏసేస్తారు."

"ఏస్తే ఏయనీ నాన్నా. అత్తని పిలవకుండా పెళ్ళి సేసుకోను."

బస్సులో పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది...

వడ్డాదిలో అత్తగారు అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు. శుభలేఖ అందుకుంది. చదువు రాదావిడకి. వేలితో తడిమింది.

"ఉబ్బున్నాయేటే అచ్చరాలు?"

"నానే సేసేనత్తా. ఇస్త్రీపెట్టె మీద కాల్చి."

"నీ పేరేది?"

పిన్ని ఆవిడ వేలు పట్టుకుని తన పేరు మీద పెట్టింది. ఆవిడ చాలాసేపు అక్కడే నిమురుతూ కూర్చుంది. కళ్ళు తుడుచుకుని అంది...

"మావోడి పెళ్ళికి కార్డు ఏయించనేకపోయేం. ఇది నా దగ్గరుంచుతాను. పిలిస్తే రానేటే పిచ్చిదానా... కూకో, మజ్జిగ తాగి ఎల్దువు."

పిన్ని అప్పుడు ఏడ్చింది. అన్ని రోజుల్లో అదే మొదటిసారి.

పెళ్ళినాడు ఆవిడ కొత్త చీర పట్టుకుని పొద్దున్నే వచ్చేసింది. ఆటో దిగుతుంటే తాతయ్య ఎదురెళ్ళి చేతిలో సంచి అందుకున్నాడు... "రా వదినా" అని లోపలికి తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టాడు. గుసగుసలాడదామని వచ్చినవాళ్ళు ఆవిణ్ణి చూసి, ఆ మాటలు మింగి అక్షింతలు పట్టుకున్నారు.

ఇప్పుడు పెళ్ళిపిలుపులన్నీ ఫోన్‌కే వచ్చేస్తున్నాయి. పాటా, పూలూ, వీడియో... ఒక్క నొక్కుతో వెయ్యిమందికి. కాదనే మనిషి కళ్ళల్లోకి చూసి "మీరు రావాలి" అనే కష్టం ఎవరికీ లేదు...

మీ గుమ్మం దాకా వచ్చి మిమ్మల్ని పిలిచిన ఆఖరి మనిషెవరు? గుర్తుంటే చెప్పండి...